ఒక్క యూనిట్‌తో మొదలుపెట్టండి: డిగ్రీ తరగతికి సాంకేతికతను అలవాటు చేసే పద్ధతి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని డిగ్రీ కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో పాఠం చెప్పే అధ్యాపకుల కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. రాబోయే సెమిస్టరులో మీరు బోధించే ఒక పేపరులో, అందులోనూ ఒకే ఒక్క యూనిట్‌లో, ఫోను, వీడియో, ఆన్‌లైన్ పరీక్ష, కృత్రిమ మేధ వంటివాటిని ఎలా వాడుకోవచ్చో ఇందులో వివరిస్తాను. పేపరు మొత్తాన్ని ఒకేసారి మార్చబోయి, మూడో వారానికే అలిసిపోయి, మళ్లీ సుద్దముక్క పట్టుకున్న వారిని చాలామందిని చూశాను. వారిలో నేనూ ఒకడిని. ఒక్క యూనిట్ అని పట్టుబట్టడానికి కారణం అదే.

పాఠాలు చెప్పే యంత్రాలు మనకు కొత్త కావు. 1975-76లో ‘సైట్’ పేరిట జరిగిన ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగానికి ఎంపికైన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మొత్తం 2,400 గ్రామాలకు టీవీలు చేరాయి. ఏడాది తిరిగేసరికి అరువు తెచ్చుకున్న ఉపగ్రహం వెళ్లిపోయింది, ప్రసారం ఆగిపోయింది. 2004 సెప్టెంబరు 20న ప్రత్యేకించి విద్య కోసమే ఎడ్యుశాట్‌ను ప్రయోగించారు. 2010లో దాని సేవ ముగిసింది. నేను ఉద్యోగంలో చేరిన తొలి కళాశాల మేడ మీద అప్పటి డిష్ ఒకటి తుప్పు పట్టి ఉండేది. దాని నీడలో ప్యూను అప్పడాలు ఎండబెట్టుకునేవాడు. ఆ పరికరంలో లోపమేమీ లేదు. దాని నుంచి పాఠం రాని రోజున ఏం చేయాలో ఎవరూ ఆలోచించి పెట్టుకోలేదు, అంతే. కాబట్టి ఏ పరికరాన్ని ఎంచుకున్నా ముందుగా ఒక ప్రశ్న వేసుకోండి: ఇది రేపు ఆగిపోతే నా విద్యార్థి చేతిలో ఏం మిగులుతుంది?

ముందుగా ఒక కాగితం పంచండి

విజయనగరం మహారాజా కళాశాల 1879 నాటికే కళాశాల స్థాయికి ఎదిగింది కాని, ఈ ప్రాంతపు విశ్వవిద్యాలయాలు వయసులో చిన్నవి. ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం 2008లో, కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2019లో, జె.ఎన్.టి.యు. గురజాడ 2022లో ఏర్పడ్డాయి. మన ముందు కూర్చునే పిల్లల్లో చాలామంది తమ ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటివారు. వారి దగ్గర ఏముందో, ఏం లేదో తెలియకుండా పాఠాన్ని ఫోనులోకి ఎక్కించడం, కొలత తీయకుండా చొక్కా కుట్టడం లాంటిది.

మొదటి వారంలోనే ఒక చిన్న ప్రశ్నపత్రం ఇచ్చి వివరాలు సేకరించండి. అది ఆన్‌లైన్ ఫారం కాకూడదు, కాగితమే కావాలి, ఎందుకంటే ఆన్‌లైన్ ఫారానికి జవాబిచ్చేవారు నెట్ ఉన్నవారే. అలా లెక్క తీస్తే అందరికీ నెట్ ఉన్నట్టే తేలుతుంది. ఫోను సొంతమా, ఇంట్లో అందరికీ కలిపి ఒకటేనా. ఇంటి దగ్గర సిగ్నల్ అందుతుందా, గట్టు మీదకో మేడ మీదకో వెళ్లాలా. బస్సులో ఎంతసేపు గడుస్తుంది. ఇంటర్ వరకు ఏ మాధ్యమంలో చదివారు. ఏ నెలల్లో ఇంటి పని ఎక్కువ? ఈ అయిదు ప్రశ్నలు చాలు. చివరి ప్రశ్నను మాత్రం వదలకండి. ఉభాల (వరినాట్ల) రోజుల్లో పొలంలో ఉండే పిల్లవాడికీ, పలాస వైపు జీడిపిక్కల పనికి వెళ్లే అమ్మాయికీ ఆ వారం ఇచ్చిన ఆన్‌లైన్ గడువు గడువే కాదు.

మన వైపు అక్టోబరు నెలకు మరో లక్షణం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తీరం దాటాయి; తిత్లీ తర్వాత ఉద్దానం పల్లెలు రోజుల తరబడి కరెంటు లేక చీకట్లో ఉన్నాయి. అందువల్ల ఆ నెలలో పెట్టే ఏ ఆన్‌లైన్ గడువుకైనా ఒక వారం వెసులుబాటును పాఠ్యప్రణాళికలో ముందే రాసి ఉంచండి. అప్పటికప్పుడు దయతలచి ఇచ్చే మినహాయింపు అడగగలిగినవారికే దక్కుతుంది. ముందే రాసిన వెసులుబాటు నోరు లేని పిల్లలకూ అందుతుంది.

పాఠాన్ని తేలికగా తయారుచేయడం

ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో 69 లక్షల వీక్షణలను పరిశీలించి 2014లో వెలువరించిన ఒక అధ్యయనం, వీడియో ఎంత నిడివిదైనా విద్యార్థి సగటున నిలిచేది సుమారు ఆరు నిమిషాలేనని తేల్చింది. మీ యాభై నిమిషాల ఉపన్యాసాన్ని కెమెరా ముందు యథాతథంగా చెప్పి అప్‌లోడ్ చేస్తే, చూసేది మీరూ మీ ఇంట్లోవారూ మాత్రమే. యూనిట్‌లో విద్యార్థులు ఏటా ఎక్కడ తడబడతారో మీకు తెలుసు. అలాంటి చోట్లు అయిదారు ఎంచుకుని, ఒక్కోదానికి ఆరు నిమిషాలు మించకుండా వీడియో తీయండి.

దీనికి స్టూడియో అక్కర్లేదు. బల్ల మీద తెల్లకాగితం, దానిపైన ఒక స్టాండుకో పుస్తకాల దొంతరకో ఆనించిన ఫోను, కాగితం మీద బొమ్మ గీస్తూ మాట్లాడే మీ చేయి చాలు. ఫ్యాను కట్టేయండి, చూసేవారు మసక బొమ్మనైనా సహిస్తారు కాని గరగరలాడే శబ్దాన్ని సహించరు. తీసిన వీడియోను సెకనుకు 300 కిలోబిట్ల చొప్పున కుదిస్తే ఆరు నిమిషాల పాఠం 13.5 ఎంబీ అవుతుంది. గీతలు, అక్షరాలు కనబడటానికి అది సరిపోతుంది. మాట ఒక్కటే చాలినచోట, అంటే చరిత్ర, సాహిత్యం, వాణిజ్యశాస్త్ర భావనల వంటివాటికి, వీడియో మానేసి ఆడియో ఇవ్వండి. సెకనుకు 32 కిలోబిట్ల వేగంతో గంటసేపటి మాట 14.4 ఎంబీకి మించదు. టెక్కలి నుంచి శ్రీకాకుళం వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని తెర చూడకుండా వినవచ్చు.

ఇక భాష సంగతి. 2021-22 విద్యా సంవత్సరం నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ బోధన ఆంగ్ల మాధ్యమంలోకి మారింది. తెలుగు మాధ్యమంలో ఇంటర్ పూర్తిచేసి వచ్చిన విద్యార్థికి తరగతిలో వినే వాక్యమే ఒక అడ్డంకి అవుతుంది, భావన దాని వెనక ఎక్కడో ఉండిపోతుంది. రికార్డు చేసిన పాఠం గొప్ప ఉపయోగం ఇక్కడే కనిపిస్తుంది: తరగతిలో ఆంగ్లంలో చెప్పిన భావననే ఆరు నిమిషాల్లో మన మాటల్లో చెప్పి, పరీక్షలో రాయవలసిన పారిభాషిక పదాలను ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద రాసి చూపండి. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి, సవర గిరిజన పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని తానే ఆ భాష నేర్చుకుని వాచకాలు, నిఘంటువు తయారుచేశారు. ఆయన పుట్టిన జిల్లా గురించి ఇంత గ్రాంథికపు వాసన కొట్టే వ్యాసం రాస్తున్నందుకు ఆయన నన్ను క్షమించరని తెలుసు. మీ రికార్డింగు మాత్రం వాడుకభాషలోనే ఉండాలి. తరగతిలో సవర విద్యార్థులుంటే, భావన బాగా అర్థమైన ఒకరిచేత అదే పాఠాన్ని వారి భాషలో మూడు నిమిషాలు చెప్పించి రికార్డు చేయండి. అలా చెప్పిన విద్యార్థికి ఆ పాఠం జన్మలో మరపుకు రాదు.

తయారైన ఫైళ్లను ఒక్క యూట్యూబు లంకె మీదే ఆధారపడి వదిలేయకండి. కళాశాలలో మూల పడిన పాత కంప్యూటరును ఒక రౌటరుకు కలిపి పెడితే, ఇంటర్నెట్ లేకపోయినా ఆ వైఫై పరిధిలోకి వచ్చిన విద్యార్థి ఒక్క రూపాయి డేటా ఖర్చు లేకుండా పాఠాలన్నీ ఫోనులోకి దించుకోగలడు. ఆ కంప్యూటరులోనే, పాఠాలూ క్విజ్‌లూ అందించే మూడుల్‌ను స్థాపించుకోవచ్చు. 2002లో మార్టిన్ డూగియామాస్ విడుదల చేసిన ఈ ఉచిత సాఫ్ట్‌వేరుకు మొబైల్ యాప్ కూడా ఉంది. అందులో పాఠాన్ని ముందుగా దించుకుని, నెట్ లేనిచోట క్విజ్ రాసి, మళ్లీ నెట్‌వర్కు అందినప్పుడు జవాబులు పంపవచ్చు. అయితే క్విజ్ అమరికల్లో ఆఫ్‌లైన్‌లో రాయడానికి అనుమతిని మీరే ఇవ్వాలి. మొదట్లో అది మూసి ఉంటుంది, చాలామంది అక్కడే ఆగిపోయి యాప్ పనిచేయదని తీర్మానించేస్తారు.

తరగతి గంటను ఖాళీ చేసుకోవడం, నింపుకోవడం

నా అభిప్రాయంలో అసలు మార్పు ఇక్కడే ఉంది. వినే పనిని బస్సుకూ ఇంటికీ పంపినప్పుడు తరగతిలో కొంత సమయం మిగులుతుంది. దానిని మళ్లీ ఉపన్యాసంతోనే నింపితే మీరు చేసిందంతా వృథా. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం బోధించిన ఎరిక్ మజూర్ 1991లో మొదలుపెట్టిన పద్ధతి మన అరవై మంది తరగతికి చక్కగా సరిపోతుంది. పాఠం మధ్యలో భావనను పరీక్షించే ఒక ప్రశ్న వేస్తారు. ప్రతి విద్యార్థీ ఎవరితో మాట్లాడకుండా జవాబు ఎంచుకుంటాడు. సరైన జవాబు చెప్పినవారు 30 శాతం కన్నా తక్కువైతే పాఠం మళ్లీ చెప్పాలి. 70 శాతం దాటితే ముందుకు సాగిపోవచ్చు. ఆ రెంటికీ మధ్య ఉంటే, వేరే జవాబు ఎంచుకున్న పక్కవారిని ఒప్పించమని రెండు మూడు నిమిషాలు వదిలి, మళ్లీ జవాబు అడగాలి.

దీనికి యాప్‌లు ఉన్నాయి కాని మొదటి సెమిస్టరులో వాటి జోలికి పోకండి. నాలుగు రంగుల చార్టు ముక్కలు ఒక్కో విద్యార్థికి ఇస్తే, ఎత్తి చూపిన రంగులను బట్టి తరగతి పరిస్థితి ఒక్క చూపులో తెలిసిపోతుంది. నేను ఏటా అడిగే ప్రశ్న ఇది: 60 వాట్ల, 100 వాట్ల ఫిలమెంట్ బల్బులను శ్రేణిలో కలిపి 230 వోల్టుల సరఫరా ఇస్తే ఏది ఎక్కువ వెలుగుతుంది? మొదటిసారి తరగతిలో ఎక్కువ భాగం 100 వాట్ల బల్బు రంగునే ఎత్తుతుంది. 60 వాట్ల బల్బు నిరోధం సుమారు 880 ఓములు, 100 వాట్ల దానిది సుమారు 530. శ్రేణిలో రెండింటిలోనూ ఒకే విద్యుత్తు ప్రవహిస్తుంది గనుక నిరోధం ఎక్కువున్న 60 వాట్ల బల్బే ఎక్కువ వెలుగుతుంది. ఈ సంగతి నేను చెప్పినప్పుడు తలలు ఊపుతారు. పక్కవాడు వాదించి ఒప్పించినప్పుడు మాత్రం గుర్తుంచుకుంటారు. ఆ తర్వాత నిజం బల్బులు వెలిగించి చూపిస్తాను. ఎల్ఈడీ రోజుల్లో ఫిలమెంట్ బల్బు దొరకడమే గగనమైపోయింది, కనబడినప్పుడే నాలుగు కొని దాచుకోండి.

ఇలాంటి ప్రశ్న తయారుచేయడమే అన్నిటికన్నా కష్టమైన పని. తప్పు జవాబుల్లో ప్రతిదీ విద్యార్థి మనసులో నిజంగా ఉండే ఒక పొరపాటు ఆలోచన నుంచి పుట్టాలి. అవి దొరికే చోటు మీ దగ్గరే ఉంది: గత సంవత్సరాల జవాబుపత్రాలు. యూనిట్‌కు పది మంచి ప్రశ్నలు కుదిరితే మీ ఏడాది పని ఫలించినట్టే.

ఆ పది ప్రశ్నలనే కొద్దిగా మార్చి మూడుల్‌లో మార్కులు లేని చిన్న క్విజ్‌గా పెట్టి, ఒకసారి మర్నాడు, ఒకసారి వారానికి, మరోసారి నెలకు రాయించండి. రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు; వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం, చదివినదాన్ని గుర్తుచేసుకుని రాసినవారు ముందున్నారు. పరీక్ష ముందురోజు రాత్రి గైడు తిరగేసే మన అలవాటుకు ఇంతకన్నా సూటి జవాబు నాకు తెలియదు.

ప్రయోగశాల గురించి ఒక్క మాట. కేంద్ర విద్యాశాఖ ఆధ్వర్యంలోని వర్చువల్ ల్యాబ్స్‌లో ఉచితంగా లభించే ప్రయోగాలను అసలు ప్రయోగానికి బదులుగా కాక, ముందురోజు చేయవలసిన కసరత్తుగా ఇవ్వండి. ఏ మీటను ఎందుకు తిప్పాలో తెలిసి వచ్చిన విద్యార్థికి, ఇద్దరికి ఒకటే పరికరమున్న మన ప్రయోగశాలలో సమయం కలిసివస్తుంది.

స్వయం కోర్సులు: కాగితం పని ముందు

2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ మీది కోర్సులను మీ విద్యార్థులకు సూచించాలనుకుంటే, పాఠాల నాణ్యతను చూసే ముందు నిబంధనలను చూడండి. యు.జి.సి. 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరులో ఒక కార్యక్రమానికి ఉన్న మొత్తం కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చేయవచ్చు. సాధారణంగా నాలుగు వారాల కోర్సుకు ఒక క్రెడిట్, ఎనిమిది వారాలకు రెండు, పన్నెండు వారాలకు మూడు లభిస్తాయి. అయితే ఏ కోర్సును ఏ పేపరుకు బదులుగా అంగీకరిస్తారో మీ సంస్థ విద్యామండలి ముందుగా తీర్మానించి ఉండాలి. ఒక కళాశాలలో ఒక విద్యార్థిని పన్నెండు వారాలు కష్టపడి మంచి మార్కులతో ఉత్తీర్ణురాలైన తర్వాత, ఆ తీర్మానమే లేదని తేలింది. సర్టిఫికెట్టు గోడకు తగిలించుకోవడానికి పనికొచ్చింది, క్రెడిట్లు రాలేదు. జనవరి, జులై నెలల్లో మొదలయ్యే కోర్సుల జాబితా వెలువడగానే తీర్మానం చేయించి, అప్పుడే విద్యార్థులకు చెప్పండి.

స్వయంలో ఐఐటీలు, ఐఐఎస్‌సీ నడిపే ఎన్‌పీటెల్ కోర్సుల్లో చేరడానికి రుసుము లేదు, పరీక్షకు మాత్రం ఉంది. మార్కుల్లో 25 వారంవారం ఇచ్చే అసైన్‌మెంట్లకు, 75 పరీక్షకు. పన్నెండు వారాల కోర్సయితే అసైన్‌మెంట్లలో ఉత్తమమైన ఎనిమిదింటిని లెక్కిస్తారు. అంటే నాలుగు వారాలు తప్పినా కొంప మునగదు. పొలం పనుల వారంలో భయపడి మానేయబోయే పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పాలి. డిజిలాకరు ద్వారా విద్యార్థి క్రెడిట్లు జమయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా తెరిపించేటప్పుడు ఆధార్‌లోని పేరు, పదో తరగతి పత్రంలోని పేరు, పరీక్ష దరఖాస్తులోని పేరు అక్షరం తేడా లేకుండా కలుస్తున్నాయో లేదో పక్కన కూర్చుని చూడండి. మన ఇంటిపేర్లు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట పొడి అక్షరంగా ఉండటం వల్ల వచ్చే చిక్కులు అన్నీ ఇన్నీ కావు.

కృత్రిమ మేధను ఏ పనికి పిలవాలి

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ విడుదలైన నాటి నుంచి ఇంటికిచ్చే వ్యాసానికి మార్కులివ్వడం అర్థం లేని పని అయింది. యంత్రం రాసిందో విద్యార్థి రాసిందో పట్టుకునే సాఫ్ట్‌వేరు మీద ఆశ పెట్టుకోకండి. ఆ యంత్రాన్ని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే తన గుర్తింపు సాధనాన్ని, కచ్చితత్వం తక్కువని ఒప్పుకుని, 2023 జులైలో ఉపసంహరించుకుంది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అలాంటి సాధనాలను పరీక్షించి, ఆంగ్లం మాతృభాష కానివారు సొంతంగా రాసిన వ్యాసాలను అవి యంత్రం రాసినవిగా పొరబడుతున్నాయని చూపారు. మన పిల్లలందరూ ఆ కోవలోనివారే. సాఫ్ట్‌వేరు మాట నమ్మి ఒక నిర్దోషిని తరగతిలో నిలబెట్టడం కన్నా, యంత్రం రాయలేని పని ఇవ్వడం మేలు.

నేను ఇచ్చే పని ఇలా ఉంటుంది. విద్యార్థి తన ఇంటి కరెంటు మీటరును వారం రోజులు ఉదయం, సాయంత్రం చదివి నోటుపుస్తకంలో రాయాలి. ఇంట్లోని ఏ పరికరం ఎంతసేపు పనిచేసిందో పక్కన నమోదుచేయాలి. లెక్కకూ మీటరుకూ తేడా వస్తే అది ఎందుకొచ్చిందో వివరించాలి. ఆ రీడింగులు ఏ యంత్రానికీ తెలియవు. వివరణను యంత్రం సాయంతో రాసుకున్నా అభ్యంతరం లేదు, ఎందుకంటే ఆ తర్వాత నాలుగు నిమిషాల మౌఖిక పరీక్ష ఉంటుంది. అరవై మందికి నాలుగేసి నిమిషాలంటే నాలుగు గంటలు; వారానికి పదిహేను మంది చొప్పున నాలుగు వారాల్లో, ప్రాక్టికల్ సమయంలోనే పూర్తవుతుంది. బల్ల అంచున నిలబడి తన ఇంటి ఫ్రిజ్ గురించి మాట్లాడే విద్యార్థి సిలబసు గురించి మాట్లాడేవాడికన్నా ఎంత ధీమాగా ఉంటాడో మీరే చూస్తారు.

అధ్యాపకుడికి ఈ యంత్రం మంచి సహాయకుడు. ఒక భావన ఇచ్చి, దానిలో విద్యార్థులు పొరబడే తీరులను ఇరవై చెప్పమంటే చెబుతుంది. వాటిలో నాలుగయిదు మీ ప్రశ్నలకు పనికివస్తాయి. ఆంగ్ల పాఠాన్ని తెలుగులో వివరించమన్నా వివరిస్తుంది, కాని పారిభాషిక పదాల దగ్గర వింత మాటలు పుట్టిస్తుంది, లేని పుస్తకాలకు పేర్లు కూడా పెడుతుంది; కాబట్టి ప్రతి వాక్యమూ మీ కంటి కింద నుంచి సాగాకే తరగతికి వెళ్లాలి. విద్యార్థుల పేర్లు, మార్కులు, కులం, ఫోను నంబర్లు అందులో పెట్టకండి. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టమే వచ్చింది, అది రాకపోయినా అవి మనం ఇతరులకు అప్పగించదగినవి కావు.

సెమిస్టరు చివర చేయవలసినది

యూనిట్ పూర్తయ్యాక లాగిన్ల సంఖ్యను, వీక్షణల సంఖ్యను చూసి మురిసిపోకండి. మొదటి వారంలో రంగు కాగితాలతో అడిగిన ప్రశ్నలనే చివరి వారంలో మళ్లీ అడిగి, అప్పుడు ఎందరు, ఇప్పుడు ఎందరు సరైన జవాబు చెప్పారో పక్కపక్కన రాయండి. ఏ ప్రశ్న దగ్గర సంఖ్య కదలలేదో అక్కడి వీడియోను తీసేసి కొత్తది తీయండి. మొదటి వారంలో సొంత ఫోను లేదని రాసిన విద్యార్థుల మార్కులను విడిగా చూడండి. మిగిలినవారితో వారి దూరం పెరిగివుంటే, మీ పద్ధతి ఎంత ఆధునికమైనా ఆ విద్యార్థులకు నష్టమే చేసింది, వచ్చేసారి దానిని మార్చవలసిందే.

ఆఖరి పని భద్రపరచడం. మూడుల్‌లో కోర్సు బ్యాకప్ తీసుకుంటే ప్రశ్నలు, పాఠాలు, అమరికలు అన్నీ ఒకే ఫైలుగా వస్తాయి. బ్యాకప్ ఫైలుతో పాటు వీడియోల అసలు ప్రతులను, రంగు కాగితాల లెక్కలను రెండు పెన్‌డ్రైవుల్లో పెట్టి, ఒకటి మీ దగ్గర ఉంచుకుని, ఒకటి శాఖ బీరువాలో స్టాకు రిజిస్టరులో నమోదుచేసి పెట్టండి. కంప్యూటరు పాస్‌వర్డును కవరులో పెట్టి సీలు వేసి ప్రిన్సిపాలుగారికి అప్పగించండి. బదిలీ ఉత్తర్వు వచ్చి మీరు ఇచ్ఛాపురానికో సాలూరుకో వెళ్లిపోయినప్పుడు, మీ స్థానంలో వచ్చినవారు బీరువా తెరిచి ఆ మర్నాటి తరగతిలో బల్బుల ప్రశ్న అడగగలగాలి. అందుకని ఆ నాలుగు ఫిలమెంట్ బల్బులు కూడా అదే అరలో పాత గుడ్డలో చుట్టి ఉంచండి.